కడుపు పంటకు మందు దెబ్బ

జనవరి వచ్చిందంటే పొదిలి, కొనకనమిట్ల, మర్రిపూడి పల్లెల్లో పొగాకు రెలుపులు మొదలవుతాయి. తెల్లారేసరికి చేలో ఉండాలి. మంచు ఇంకా ఆకు మీదే ఉంటుంది. అడుగు ఆకుల్ని ఒక్కొక్కటే విరిచి చంకలో దొంతర పెట్టుకుంటూ సాళ్ల వెంట పోతుంటే కాసేపటికే జాకెట్టు చేతులు, కుచ్చిళ్లు తడిసి ఒంటికి అంటుకుపోతాయి. ఆకు జిగురు వేళ్లకు నల్లగా పడుతుంది. సబ్బు పెట్టి రుద్దినా ఓ పట్టాన వదలదు. ఆ తర్వాత బ్యారన్ దగ్గర కూర్చుని కర్రలకు ఆకు అల్లే పని. అక్కడ ఎక్కువమంది ఆడవాళ్లే. కొత్తగా పనిలోకి వచ్చిన అమ్మాయికి తల తిరిగి వాంతులైతే పెద్దవాళ్లు తేలిగ్గా తీసేస్తారు. పొగాకు పడలేదు, మజ్జిగ తాగు, రెండు రోజులు పోతే అలవాటైపోతుంది అంటారు.

వైద్యులు దాన్ని గ్రీన్ టొబాకో సిక్‌నెస్ అంటారు. పచ్చి ఆకులోని నికోటిన్ మంచునీటిలో కరిగి చర్మం గుండా నేరుగా నెత్తుట్లో కలుస్తుంది. జీవితంలో చుట్ట, బీడీ ముట్టని మనిషి ఒంట్లోకి నికోటిన్ చేరే దారి ఇది. ఆకు మీద నికోటిన్ ఒక్కటే ఉండదు. పొగాకు లద్దెపురుగుకీ, తెల్లదోమకీ కొట్టిన మందులు కూడా అదే తడితో పాటు చంకలోకి, మెడ మీదికి వస్తాయి.

ఇదే అమ్మాయికి పెళ్లయి రెండేళ్లయినా నెల తప్పలేదనుకోండి. ముందు బంధువులు మొదలెడతారు: "ఏమ్మా, ఏమన్నా విశేషమా?" తర్వాత గుళ్లు, మొక్కులు. ఆ తర్వాత ఒంగోలు బస్సు. అక్కడ స్కానింగు, థైరాయిడ్, ట్యూబుల పరీక్ష. నెలసరి సరిగ్గా వస్తోందా, ఇంట్లో ఎవరికైనా షుగరుందా అని డాక్టరమ్మ అడుగుతారు. అవి అడగాల్సిన ప్రశ్నలే. కానీ నువ్వు ఏం పని చేస్తావు, ఏ బోరు నీళ్లు తాగుతావు, మీ ఆయన చేలో మందు కొడతాడా, ఆ బట్టలు ఎవరుతుకుతారు అన్న ప్రశ్నలు మన ఆస్పత్రుల్లో అరుదు. పశ్చిమ ప్రకాశంలో సంతానం లేని ఇంటి గురించి మాట్లాడాలంటే అక్కణ్ణించే మొదలుపెట్టాలి.

అమ్మమ్మ కడుపులోనే మొదలు

ఆడపిల్ల జీవితకాలానికి సరిపడా అండాలు ఆమె పుట్టకముందే తయారైపోతాయి. తల్లి కడుపులో ఐదో నెల వచ్చేసరికి పిండం అండాశయాల్లో 60 నుంచి 70 లక్షల అండాలుంటాయి. పుట్టేనాటికి అవి 10, 20 లక్షలకు పడిపోతాయి. పెద్దమనిషి అయ్యేసరికి మిగిలేవి మూడు, నాలుగు లక్షలు. వాటిలో జీవితం మొత్తమ్మీద విడుదలయ్యేవి నాలుగు వందలకు అటూ ఇటూ. మగవాడి ఒంట్లో వీర్యకణాలు ఎప్పటికప్పుడు కొత్తవి పుడతాయి. ఆడమనిషికి ఆ వెసులుబాటు లేదు.

అంటే గర్భిణి చేలో మందు పీల్చితే ఆ ప్రభావం ఆమె మీద, కడుపులో ఉన్న కూతురి మీద, ఆ కూతురి అండాశయాల్లో అప్పుడే రూపు దిద్దుకుంటున్న మనవరాలి మీద ఒకేసారి పడే వీలుంది. ఈ సంగతి ప్రపంచానికి బాగా తెలిసొచ్చింది ఒక మాత్ర వల్ల. డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజన్‌ను గర్భస్రావం కాకుండా ఆపుతుందని 1940ల నుంచి అమెరికాలో గర్భిణులకు ఇచ్చారు. తల్లులకు పైకి ఏ ఇబ్బందీ కనపడలేదు. వాళ్ల కూతుళ్లు ఎదిగాక కొందరికి అరుదైన యోని క్యాన్సర్ వచ్చింది. చాలామందికి గర్భసంచి ఆకారం దెబ్బతింది, గర్భం నిలవలేదు. 1971లో ఆ మందును గర్భిణులకు ఇవ్వొద్దని అక్కడి ఔషధ సంస్థ హెచ్చరించింది.

హార్మోన్లు పనిచేసే మోతాదులు చాలా చిన్నవి. నెత్తుటిలో ఈస్ట్రోజన్‌ను పికోగ్రాముల్లో కొలుస్తారు. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్ల వంతు. అంత చిన్న సంకేతంతో నెలసరి నడుస్తుంది, అండం పండుతుంది, గర్భసంచి పొర సిద్ధమవుతుంది. కొన్ని రసాయనాలు ఒంట్లోకి వచ్చి హార్మోన్ కూర్చునే చోట తాము కూర్చుంటాయి. కొన్ని హార్మోన్ తయారీని ఆపేస్తాయి. 1991లో అమెరికాలోని వింగ్‌స్ప్రెడ్‌లో థియో కోల్‌బోర్న్ చొరవతో సమావేశమైన శాస్త్రవేత్తలు వీటికి ఎండోక్రైన్ డిస్రప్టర్లు అని పేరు పెట్టారు. ఇన్ని గ్రాములు మింగితే చస్తారు, అంతకు తక్కువైతే పరవాలేదు అనే పాత లెక్క వీటి దగ్గర చెల్లకపోవడానికి కారణం ఇదే. పురుగుమందు డబ్బా మీది రంగు గుర్తు, ఆ మందు తాగితే ఎంత ప్రమాదమో చెబుతుంది. పదేళ్ల పాటు రోజూ రవ్వంత తగిలితే అండాశయం ఏమవుతుందో ఆ రంగు చెప్పదు.

కొట్టేది ఆయన, ఉతికేది ఆమె

తైవాన్ పంపు వీపున వేసుకుని మందు కొట్టేది మగవాళ్లే కాబట్టి ఆ ప్రమాదమంతా వాళ్లదే అనుకుంటాం. చేలో గట్టున నిలబడి చూస్తే తెలుస్తుంది అసలు సంగతి. బిందెలతో నీళ్లు మోసి డ్రమ్ములో పోసేది ఆమె. చాలాచోట్ల మూత కొలతతో మందు వంచి కర్రతో కలిపేదీ ఆమే. మందు కొట్టిన మూడోనాడో నాలుగోనాడో కలుపు తీయడానికి, మిరపకాయ కోయడానికి, పత్తి తీయడానికి చేలోకి దిగేది కూడా ఆమే. సాయంత్రం ఆయన విప్పి పడేసిన చొక్కా, లుంగీ పిల్లల బట్టలతో కలిపి నానబెట్టేదీ ఆమే. పంపు పట్టుకోదు కాబట్టి మాస్కు, గ్లౌజుల ముచ్చట ఆమె దాకా రాదు.

మగవాడు మందు కొడితే ఇల్లాలి కడుపుకి ఏమవుతుందో మనవాళ్లే ఎప్పుడో చూశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం జన్యుశాస్త్ర సంస్థకు చెందిన డి.ఎస్.రూప, పి.పి.రెడ్డి, ఓ.ఎస్.రెడ్డి పత్తి చేలలో మందులు కొట్టే మగవాళ్ల కుటుంబాలను, మందులతో సంబంధం లేని కుటుంబాలను పక్కపక్కన పెట్టి పోల్చారు. రెండు వైపులా వెయ్యికి పైగా జంటలు. మందులు కొట్టేవాళ్ల ఇళ్లలో గర్భస్రావాలు, చనిపోయి పుట్టిన బిడ్డలు ఎక్కువగా తేలారు. ఈ ఫలితాలు 1991లోనే అచ్చయ్యాయి. ముప్ఫై ఏళ్లు దాటినా పత్తి, మిర్చి పండే మండలాల్లోని ఆరోగ్య కేంద్రాల్లో ఆ పరిశోధన ఊసే లేదు. నన్నడిగితే ఇది చిన్న నిర్లక్ష్యం కాదు.

మందుల కొట్లో పేర్లు చూద్దాం. మన రైతులు ఎం-45 అని పిలిచే మాంకోజెబ్ లేని కొట్టు ఉండదు. మిరప మీద, కూరగాయల మీద, టమాటా మీద దాన్ని ధారాళంగా కొడతారు. తెగులు మందే కదా, పురుగుమందంత ఘాటు కాదులే అని చేతులతో కలిపేస్తారు. అది విచ్ఛిన్నమైనప్పుడు ఇథిలీన్ థయోయూరియా అనే పదార్థం ఏర్పడి థైరాయిడ్ పనికి అడ్డం పడుతుంది. థైరాయిడ్ తప్పితే అండం విడుదల తప్పుతుంది, నిలిచిన గర్భానికీ గండమే. మాంకోజెబ్ హార్మోన్లను దెబ్బతీస్తుందనీ, సంతాన సామర్థ్యానికి ముప్పు అనీ తేల్చి 2020 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ దాని అనుమతిని పొడిగించకుండా ఆపేసింది. మన దగ్గర 2020 మేలో కేంద్రం నిషేధించాలనుకున్న 27 మందుల ముసాయిదాలో మాంకోజెబ్, కార్బెండాజిమ్, క్లోర్‌పైరిఫాస్ మూడూ ఉన్నాయి. ఈ మూడింటి వరకు ముసాయిదా ముసాయిదాగానే నానింది. క్లోర్‌పైరిఫాస్‌ను 2025లో స్టాక్‌హోం ఒప్పందం నిర్మూలించాల్సిన రసాయనాల జాబితాలో చేర్చింది, కొన్ని మినహాయింపులతో.

ఎండోసల్ఫాన్ కథ మనకు తెలిసిందే. కేరళ కాసరగోడ్‌లో జీడిమామిడి తోటల మీద దాదాపు ఇరవై ఏళ్లు హెలికాప్టర్లతో కొట్టారు. ఊళ్లకు ఊళ్లే జబ్బు పడ్డాక, 2011 మే 13న సుప్రీంకోర్టు దేశమంతటా తయారీ, అమ్మకం ఆపేయమంది. ఆ తేదీ దాకా మన పత్తి, కంది చేలలోనూ అదే కొట్టాం. అప్పుడు కడుపులో ఉన్న ఆడపిల్లలు ఇప్పుడు పెద్దమనుషులవుతున్నారు.

చేలోకి వెళ్లనివాళ్లకూ ఇందులో వాటా ఉంది. బోస్టన్‌లో సంతాన చికిత్స తీసుకుంటున్న 325 మంది స్త్రీల ఆహారాన్ని హార్వర్డ్ పరిశోధకులు లెక్కగట్టి 2018లో ప్రచురించారు. మందు అవశేషాలు ఎక్కువగా ఉండే పండ్లు, కూరగాయలు బాగా తిన్నవాళ్లకు, తక్కువ తిన్నవాళ్లతో పోలిస్తే బిడ్డ చేతికొచ్చే అవకాశం 26 శాతం తక్కువగా తేలింది. అలాగని కూరగాయలు మానమని కాదు. అవశేషాలు తక్కువుండే రకాలు తిన్నవాళ్లకు ఏ నష్టమూ కనపడలేదు.

ఇక్కడో మాట స్పష్టంగా అనుకోవాలి. ఫలానా ఆమెకు ఫలానా మందు వల్లే పిల్లలు పుట్టలేదని ఏ డాక్టరూ కాగితం రాసివ్వలేడు. వయసు, బరువు, క్షయ, ఇన్ఫెక్షన్లు, భర్త వీర్యకణాలు ఇలా కారణాలు కలగలిసి ఉంటాయి. జనాభాలో కనిపించే తేడాను ఒక మనిషికి అతికించడం కుదరదు. కనిపించిన ప్రతి కాలుష్యాన్నీ గర్భసంచి ఖాతాలో రాయడమూ తప్పే. మార్కాపురం పలకల పరిశ్రమలో రాతి ధూళి ఊపిరితిత్తుల్ని తినేస్తుంది, సిలికోసిస్ తెస్తుంది. దాని మీద వేరే కథనం రాయాలి. ఇందులో కలిపితే అసలు దొంగ తప్పించుకుంటాడు.

బోరు నీళ్ల బరువు

పొదిలి ప్రాంతం ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా (తర్వాతి ప్రకాశం) ఏర్పడినప్పుడు కనిగిరి, దర్శి, కందుకూరులతో పాటు ఇటు వచ్చింది. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి. దేశంలో మనుషుల ఎముకల్ని వంచేసే ఫ్లోరోసిస్ గురించి తొలి వైద్య నివేదిక 1937లో వచ్చింది. షార్ట్, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలో, ముఖ్యంగా ఆనాటి నెల్లూరు జిల్లాలో చూసిన రోగుల గురించి రాశారు. అంటే ఈ నీళ్ల సంగతి సర్కారుకు తెలిసి తొంభై ఏళ్లు కావస్తోంది.

కింద గ్రానైటు, నైసు రాళ్లు. పైన వాన తక్కువ. బోరు లోతు పెరిగిన కొద్దీ నీళ్లు రాతిలో ఎక్కువ కాలం నాని ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటాయి. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణం. గార పళ్లు, వంగిన నడుములు మనకు కళ్లెదుట కనపడతాయి కాబట్టి ఫ్లోరైడ్ అంటే ఎముకలూ పళ్లూ అనే అనుకుంటాం. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2006లో ఇచ్చిన నివేదిక, ఎక్కువ ఫ్లోరైడ్ థైరాయిడ్‌తో సహా హార్మోన్ల పనిని మారుస్తుందని చెప్పింది. అంతకుముందు 1994లో ఫ్రేని అనే పరిశోధకుడు అమెరికా కౌంటీల జనన లెక్కలు తీశారు. నీటిలో లీటరుకు 3 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్నచోట్ల జననాల రేటు తగ్గుతున్న ధోరణి కనపడింది. ఇది పురుగుమందుల సాక్ష్యమంత బలమైనది కాదు. కానీ పశ్చిమ ప్రకాశానికి ఇంతకన్నా దగ్గరి విషయం ఇంకోటుంది.

రక్తహీనత. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తం తక్కువ. ఐరన్ మాత్రలు పంచుతూనే ఉన్నాం, మాత్రలు మింగినా రక్తం పట్టనివాళ్లు ఉంటూనే ఉన్నారు. ఫ్లోరోసిస్ మీద జీవితమంతా పనిచేసిన ఢిల్లీ శాస్త్రవేత్త ఏ.కె.సుశీల బృందం 2010లో ఒక పని చేసి చూపింది. రక్తహీనతతో పాటు మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువున్న గర్భిణులకు ఫ్లోరైడ్ తక్కువున్న నీళ్లు, తిండి ఏర్పాటు చేసి, పాలు, ఆకుకూరలు, పండ్లు పెంచమన్నారు. హిమోగ్లోబిన్ పెరిగింది. తక్కువ బరువుతో పుట్టే బిడ్డలు తగ్గారు. ఫ్లోరైడ్ పేగు లోపలి పొరను దెబ్బతీస్తే తిన్న ఇనుము ఒంటికి ఎలా పడుతుంది? మాత్ర మార్చే ముందు నీళ్లు మార్చాలన్నమాట. ఢిల్లీలో జరిగిన ఈ పని పొదిలి, కనిగిరి, మార్కాపురం ఆస్పత్రుల్లో జరగాల్సింది.

ఇక నీళ్ల హామీలు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన. నల్లమల కింద తవ్విన జంట సొరంగాలను 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. అప్పటికి నిర్వాసితుల పునరావాసం కూడా పూర్తి కాలేదు. 2025 జులై 4న మార్కాపురం దగ్గర నరసింహపురంలో రూ.1,290 కోట్ల తాగునీటి పథకానికి ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ శంకుస్థాపన చేశారు. శంకుస్థాపన రాళ్లకు మాత్రం ఈ ప్రాంతంలో ఎప్పుడూ కరువు లేదు.

క్యాన్లు, కవర్లు

ఫ్లోరైడ్ భయంతో జనం ఆర్వో నీళ్లకు మళ్లారు. మంచిదే, ఆర్వో ఫ్లోరైడ్‌ను తగ్గిస్తుంది. కానీ గాజులా మెరిసే ఆ గట్టి నీలం క్యాన్లు చాలావరకు పాలికార్బనేట్. దాని తయారీలో వాడేది బిస్ఫినాల్-ఏ, ఈస్ట్రోజన్‌ను అనుకరించే రసాయనం. మే నెల ఎండలో ఆటో మీద గంటలకొద్దీ క్యాన్ కాగితే అది నీళ్లలోకి ఎక్కువగా దిగుతుంది. ఈ రసాయనం సంగతి బయటపడిన తీరు చిత్రమైనది. 1998లో అమెరికాలో పాట్రీషియా హంట్ ప్రయోగశాలలో ఎవరో ఎలుకల పంజరాలను ఘాటైన సబ్బుతో కడిగారు. ప్లాస్టిక్ పాడై బిస్ఫినాల్-ఏ కారింది. ఆడ ఎలుకల అండాల్లో ఒకటి, రెండు శాతం ఉండే క్రోమోజోము లోపాలు ఒక్కసారిగా 40 శాతానికి ఎగబాకాయి. అండాశయాల్లో నీటి బుడగలున్న స్త్రీల రక్తంలో బిస్ఫినాల్-ఏ ఎక్కువగా ఉన్నట్టు కొన్ని పరిశోధనలు చూపాయి. అదే కారణమని మాత్రం తేలలేదు.

పేపరు కప్పు కాగితం కాదు, లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది. వేడి టీ పోసి పావుగంట ఉంచితే 100 మిల్లీలీటర్లలో 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు తేలాయని ఐఐటీ ఖరగ్‌పూర్ 2020లో లెక్కించింది. చెత్తకుప్పకు నిప్పుపెట్టే అలవాటు మరీ చెడ్డది. పీవీసీ కాలితే డయాక్సిన్లు వస్తాయి. 1976లో ఇటలీలోని సెవెసోలో ఫ్యాక్టరీ ప్రమాదంతో డయాక్సిన్ ఊరి మీద పడింది. ఆనాటి స్త్రీల రక్తం భద్రపరిచి దశాబ్దాల పాటు వెంబడిస్తే, డయాక్సిన్ ఎక్కువున్నవాళ్లకు గర్భం రావడానికి ఎక్కువ కాలం పట్టినట్టు తేలింది. మన వీధి చివర కుప్ప సెవెసో కాదు. కానీ అది రోజూ కాలుతుంది.

సంచి తీసేస్తే సరిపోతుందా?

నెలసరి తప్పినా, ఎక్కువైనా, తెల్లబట్ట అయినా మన దగ్గర ఒకటే మందు: గర్భసంచి తీసేయించుకోవడం. 2015-16 జాతీయ సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. రాష్ట్రాలన్నిటిలో మనదే ముందు వరుస. ముప్ఫై ఐదేళ్లకే గర్భసంచి, కొందరికి దాంతోపాటు అండాశయాలు పోతే ఎముకలు గుల్లబారతాయి. ఫ్లోరైడ్ నేలలో ఎముక మీద అది రెండో దెబ్బ. రోగానికి మూలం చేలోనో బోరులోనో ఉందేమో చూడకుండా కత్తి పట్టడం నాకు వైద్యంలా కనపడదు.

దారి లేదా అంటే ఉంది. అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ మండలం పునుకుల పత్తి రైతులు 2003 నాటికి పురుగుమందు పూర్తిగా మానేశారు. ఆ ఊరికి వేప కషాయం, లింగాకర్షక బుట్టలు నేర్పింది స్వచ్ఛంద సంస్థలైతే, మగవాళ్లను ఒప్పించింది డ్వాక్రా ఆడవాళ్లు. ఆ దారిలోనే ప్రభుత్వం మహిళా సంఘాల ద్వారా పురుగుమందులు లేని సేద్యాన్ని ఎత్తుకుంది, తర్వాత అది ప్రకృతి సేద్యమైంది. 2024లో ఆంధ్ర ప్రకృతి సేద్యానికి అంతర్జాతీయ గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. బహుమతి అందుకున్న రాష్ట్రంలోనే పొగాకు ఆకు అల్లే మనిషి చేతికి గ్లౌజు లేదు.

ఇంట్లో మనం చేయగలిగిందీ ఉంది. బిస్ఫినాల్, ప్లాస్టిక్‌లోనూ సెంట్లలోనూ ఉండే థాలేట్ల లాంటివి ఒంట్లో ఎక్కువ కాలం ఉండవు. గంటల్లో, రోజుల్లో మూత్రంలో పోతాయి. కాలిఫోర్నియాలో వ్యవసాయ కూలీలు ఉండే సాలినాస్‌లో వంద మంది అమ్మాయిలతో సెంట్లు, క్రీములు మార్పించి మూడు రోజులకే పరీక్షిస్తే, కొన్ని రసాయనాలు 27 నుంచి 45 శాతం తగ్గాయి. నీళ్లు స్టీలు బిందెలోకి ఒంపుకోవడం, వేడి కూర కవర్లో కట్టించుకోకుండా క్యారియర్ పట్టుకెళ్లడం తేలికే. మందు కొట్టిన బట్టలు విడిగా నానబెట్టాలి, వాటిని ఎవరు కొట్టారో వాళ్లే ఉతుక్కుంటే మరీ మంచిది. నెల తప్పిన ఆడకూతుర్ని రెలుపుకీ, మందు కలపడానికీ పంపకండి. కూలి పోతుందన్న భయం నిజమే. అందుకే పొగాకు బోర్డు, వేలం కేంద్రాలు, ఆకు కొనే కంపెనీలు కూలీలకు గ్లౌజులు, పొడుగు చేతుల కోట్లు ఇచ్చే బాధ్యత తీసుకోవాలి. ప్రతి గర్భిణి కార్డులో ఆమె తాగే నీటి ఫ్లోరైడ్ అంకె రాసే గడి ఒకటి ఆరోగ్య శాఖ చేర్చాలి.

ఇక మీతో ఒక మాట. పిల్లల కోసం మొదటిసారి ఆస్పత్రికి వెళ్లేటప్పుడు భార్యాభర్తలిద్దరూ వెళ్లండి. దాదాపు సగం కేసుల్లో మగవాడి వైపు కారణమూ ఉంటుంది, ఆయన పరీక్ష చౌక, తేలిక. వెళ్లే ముందు తాగే నీళ్లు ఒక శుభ్రమైన సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో ఇచ్చి ఫ్లోరైడ్ ఎంతో రాయించుకోండి. ఒక చీటీ మీద మీ ఇద్దరి పనీ, కొట్టే మందుల పేర్లూ, ఆ నీటి అంకే రాసుకుని తీసుకెళ్లండి. డాక్టరు అడగకపోయినా ఆ చీటీ బల్ల మీద పెట్టండి.